విల్లీ లోమన్ కొడుకుల్ని తిట్టి చెడగొట్టలేదు, పొగిడి చెడగొట్టాడు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆర్థర్ మిల్లర్ నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసిన తీరు బాగుంది, ఆపకుండా చదివించింది. కానీ వ్యాసకర్తగారు ఆ నాటకాన్ని తీసుకొచ్చి మన ర్యాంకుల గోలకి ముడిపెట్టేశారు. పిల్లల మీద తన ఆశలు రుద్దిన తండ్రి, ఆ బరువు మోయలేక చితికిపోయిన కొడుకులు, చివరికి తండ్రి ఆత్మహత్య, కాబట్టి తల్లిదండ్రులారా పిల్లల మీద ఒత్తిడి పెట్టకండి అని ముగించారు. ఆ మాట మంచిదే, దాంతో నాకు పేచీ లేదు. కాకపోతే అది ఈ నాటకంలో లేదు.

నేను చాలా ఏళ్లు మందుల కంపెనీల్లో రెప్‌గా చేసి రిటైరైనవాణ్ణి. బ్యాగు పట్టుకుని ఊళ్లు తిరిగినవాణ్ణి కనక ఈ నాటకం మీద నాకు కొంచెం ఎక్కువ హక్కుందనుకుంటాను, ఆ హక్కుతోనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. వేసుకుంటే మొత్తం వేసుకోండి, లేకపోతే అసలు వద్దు, మధ్యలో కత్తిరించకండి.

ముందు ఒత్తిడి సంగతి. నాటకంలో సేల్స్‌మన్ అయిన విల్లీ లోమన్ పెద్ద కొడుకు బిఫ్ స్కూల్లో ఫుట్‌బాల్ హీరో. మూడు యూనివర్సిటీలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నాయి. పక్కింటి చార్లీ కొడుకు బెర్నార్డ్ పరుగెత్తుకుంటూ వచ్చి, లెక్కలు చదవకపోతే మాస్టారు ఫెయిల్ చేస్తానన్నాడు అంకుల్ అంటాడు. విల్లీ మాటవరసకి వెళ్లి చదువుకో అంటాడు. ఈలోగా బిఫ్ తన బూట్ల మీద యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా అని అచ్చేసుకున్నది చూపిస్తాడు, తండ్రి మురిసిపోతాడు, లెక్కల సంగతి అక్కడితో సరి. బూట్ల మీద రాసుకున్నంత మాత్రాన పాస్ చెయ్యరు కదా అని బెర్నార్డ్ అంటే, మూడు స్కాలర్‌షిప్‌లున్న కుర్రాణ్ణి ఎవడు ఫెయిల్ చేస్తాడోయ్ అని ఆ పిల్లాణ్ణే కసురుకుంటాడు. పరీక్ష దగ్గరికొచ్చాక ఇంకా గొప్ప, జవాబులు నువ్వే వాడికి అందించు అంటాడు. బిఫ్ స్కూలు లాకర్ రూములోంచి బంతి ఎత్తుకొస్తే కోచ్ నీ చొరవని మెచ్చుకుంటాడులే అని నవ్వుతాడు. పక్కన కడుతున్న బిల్డింగ్ దగ్గర్నుంచి ఇసుక తెమ్మని పిల్లల్ని తనే పంపుతాడు. ఇందులో ఒత్తిడి ఎక్కడుందండీ? తెల్లారకముందే లేపి స్టడీ అవర్‌కి కూర్చోబెట్టే మన తండ్రి వేరు, విల్లీ వేరు. మన తండ్రి కొడుకుతో నువ్వు చాలవురా అంటాడు. విల్లీ ఏమో నీకు ఇంకేమీ అక్కర్లేదురా, నువ్వు అలా నడిచొస్తే చాలు, లోకం తలుపులు తీస్తుంది అంటాడు. రెండోది ఇంకా ప్రమాదం అని నా అభిప్రాయం. మొదటిదానికి కనీసం ఎదురు తిరగొచ్చు. పొగిడే తండ్రికి ఎలా ఎదురు తిరుగుతాడు ఎవడైనా?

బిఫ్ ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఒక రోజు పాత యజమాని బిల్ ఆలివర్ దగ్గరికి అప్పు కోసం వెళ్తాడు. ఆరు గంటలు బయట కూర్చుంటాడు. ఆలివర్ వచ్చి, ఒక్క నిమిషం చూసి, ఎవరో కూడా గుర్తుపట్టకుండా వెళ్లిపోతాడు. అప్పుడు బిఫ్‌కి వెలుగుతుంది, నేను అసలు ఇక్కడ సేల్స్‌మన్‌గా ఎప్పుడు చేశాను, షిప్పింగ్ క్లర్కుని కదా అని. ఇంట్లో ఏళ్ల తరబడి బిఫ్ ఆలివర్ దగ్గర సేల్స్‌మన్ అని చెప్పుకుని చెప్పుకుని చివరికి వాడే నమ్మేశాడు! ఆ మంట మీద ఆలివర్ ఫౌంటెన్ పెన్ను జేబులో వేసుకుని పదకొండు అంతస్తులు మెట్ల మీద పరుగెత్తుతాడు. పెన్ను ఎందుకు తీశాడో వాడికే తెలీదు. ఆ రాత్రి ఇంటికొచ్చి అంటాడు, ఈ ఇంట్లో మనం పది నిమిషాలు కూడా నిజం మాట్లాడుకోలేదు అని. నాటకానికి తాళంచెవి ఆ మాటే. మీ వ్యాసంలో అది కనీసం ప్రస్తావనకి కూడా రాలేదు.

ఇక నా లైన్లోకి వస్తాను. మొదటి అంకంలో ఒక చిన్న సీను ఉంది, విమర్శకులు దాన్ని దాటేసి పోతారు గానీ సేల్స్‌లో పనిచేసినవాడు మాత్రం దాటలేడు. విల్లీ టూరు నుంచి వచ్చాడు. భార్య లిండా, ఏమైనా అమ్మావా అని అడుగుతుంది. ప్రావిడెన్స్‌లో ఐదు వందల అమ్మకం, బోస్టన్‌లో ఏడు వందల అమ్మకం అంటాడు. ఆవిడ పెన్సిల్ తీసి కమీషన్ లెక్క కట్టి, అమ్మో రెండొందల పన్నెండు డాలర్లు అని సంబరపడుతుంది. అక్కణ్ణుంచి ఈయన దిగడం మొదలు. ఇంకా సరిగ్గా చూసుకోలేదు అంటాడు. ప్రావిడెన్స్‌లో నూట ఎనభై అయ్యుంటుంది అంటాడు. అబ్బే కాదు, మొత్తం ట్రిప్పంతా కలిపి రెండు వందలు అంటాడు. బోస్టన్‌లో మూడు షాపులు స్టాకు లెక్కల కోసం సగం మూసేశారు, లేకపోతే రికార్డులు బద్దలు కొట్టేవాణ్ణి అంటాడు. ఆవిడ మళ్లీ లెక్క కట్టి, డెబ్భై డాలర్లూ కొన్ని పైసలూ, చాలా బాగుంది అంటుంది.

చాలా బాగుంది! ఆ వెంటనే బాకీల చిట్టా విప్పుతుంది. ఫ్రిజ్‌కి పదహారు, అందులో తెగిన ఫ్యాన్ బెల్టు కూడా ఉంది, వాషింగ్ మెషీన్‌కి తొమ్మిది అరవై, వాక్యూమ్ క్లీనర్‌కి మూడున్నర, ఇంటి కప్పు రిపేరుకి ఇంకా ఇరవై ఒకటి, కారు కార్బరేటర్ బాగుచేసినందుకు వేరే. నెల పదిహేనుకల్లా నూట ఇరవై దాకా కావాలి. కాసేపటి క్రితం షెవర్లే అంత గొప్ప కారు లోకంలో లేదన్న మనిషి ఇప్పుడు దాని తయారీనే నిషేధించాలంటాడు. వచ్చే వారం చూపిస్తాను, హార్ట్‌ఫర్డ్‌లో నేనంటే పడి చస్తారు అంటాడు. వెంటనే గొంతు తగ్గించి, అసలు గొడవేంటంటే లిండా, మనుషులు నన్ను ఎందుకో ఇష్టపడరు అంటాడు. రెండు మాటలూ ఒకే నోట, ఒకే ఊపిరిలో.

ఇది చదివినప్పుడు నాకు మా నెలాఖరులు గుర్తొచ్చాయి. మందుల లైన్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇరవై తొమ్మిదో తారీఖు రాత్రి స్టాకిస్టు, అంటే మందుల హోల్‌సేల్ వ్యాపారి, కాళ్లావేళ్లా పడి సరుకు తోసేస్తాం, టార్గెట్ అయిపోతుంది, మేనేజర్ భుజం తడతాడు, వచ్చే నెల ఆ సరుకే ఎక్స్‌పైరీ అనో కదల్లేదనో వెనక్కి వస్తుంది. కాగితం మీద మాత్రం అందరం పులులమే. డాక్టరుగారు నన్ను పేరు పెట్టి పిలుస్తారు అని చెప్పుకోడానికి మించిన ఘనత మా వాళ్లలో ఇంకోటి లేదు. విల్లీ కూడా అంతే, ఏ ఊళ్లో కారు పెట్టినా పోలీసులు సొంత కారులా కాపలా కాస్తారని పిల్లలకి చెప్తాడు. కంపెనీ మనకి నేర్పిన అబద్ధమే మనం ఇంట్లో పిల్లలకి పాఠంగా చెప్తాం. మిల్లర్ పట్టుకున్నది ఈ దారిని. ఆఫీసులో మొదలైన గొప్పలు వంటింట్లోకి ఎలా వస్తాయో, అక్కణ్ణుంచి కొడుకు బూట్ల మీదికి ఎలా ఎక్కుతాయో చూపించాడు. ఊరికే తండ్రి తప్పు, కొడుకు తప్పు అని తేల్చేస్తే ఈ దారి కనపడకుండా పోతుంది.

వ్యాసంలో కంపెనీ ఊసే లేదు, అది నా రెండో ఫిర్యాదు. విల్లీకి 63 ఏళ్లు. ఆ సంస్థకి 34 ఏళ్లు పెట్టానని తనే చెప్తాడు. జీతం తీసేసి, కొత్తగా చేరిన కుర్రాడిలా ఒట్టి కమీషన్ మీద పెట్టారు. ఇంట్లో చెప్పుకోలేక, ప్రతి వారం చార్లీ దగ్గర యాభై డాలర్లు అప్పు తెచ్చి ఇదే నా జీతం అని భార్య చేతిలో పెడతాడు. ఇక తిరగలేను, న్యూయార్క్‌లోనే ఏదో ఒకటి ఇవ్వమని యజమాని హోవార్డ్ దగ్గరికి వెళ్తాడు. ఈ హోవార్డ్‌ది తండ్రి నుంచి వచ్చిన ఆస్తి, వాడు పుట్టినప్పుడు పేరు సూచించింది కూడా విల్లీయే. హోవార్డ్ కొత్తగా కొన్న వైర్ రికార్డర్‌తో, అంటే తీగ మీద గొంతు రికార్డు చేసే యంత్రంతో, ఆడుకుంటుంటాడు. కూతురు ఈల పాట, అయిదేళ్ల కొడుకు అక్షర క్రమంలో రాష్ట్రాల రాజధానులు అప్పజెప్పడం వినిపిస్తాడు. విల్లీ నోరు తెరవబోతే ఆగు ఆగు అంటాడు. చివరికి విల్లీ వారానికి అరవై ఐదు అడుగుతాడు, తర్వాత యాభై, తర్వాత నలభై. అప్పుడు కూడా 1928లో వారానికి సగటున నూట డెబ్భై కమీషన్ తెచ్చాను అంటాడు, హోవార్డ్ ఎప్పుడూ లేదే అంటాడు. ఆ సీనులో నాకు వైర్ రికార్డర్ కన్నా ఈ బేరమే గుచ్చుకుంటుంది. అమ్మడం తప్ప ఇంకేదీ తెలియని మనిషి, తన్ని తాను అమ్ముకోవాల్సిన ఒక్క రోజున ధర తనే తగ్గించుకుంటూ పోయాడు. ఉద్యోగమే పోగొట్టుకుని బయటికొచ్చాడు. పండు తిని తొక్క పారేసినట్టు మనిషిని పారెయ్యడం కుదరదని గొంతు చించుకుంటాడు గానీ, కుదిరింది.

ఈ నాటకం 1949 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లో మొరాస్కో థియేటర్లో మొదలైంది. ఎలియా కజాన్ దర్శకుడు, విల్లీగా లీ జే కాబ్. 742 ప్రదర్శనలు ఆడింది, ఆ ఏడాది పులిట్జర్ బహుమతి కూడా దానికే. ఇవన్నీ మీ వ్యాసంలో ఉన్నాయి, నేను మళ్లీ చెప్పక్కర్లేదు. లేనిది ఇంకోటి చెప్తాను. నాటకం చూసిన రాత్రే బెర్నార్డ్ గింబెల్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల అధిపతి, తన షాపుల్లో వయసైపోయిందన్న కారణంతో ఎవర్నీ తియ్యకూడదని ఆర్డరు వేశాడని మిల్లర్ ఆత్మకథలో రాసుకున్నాడు. చూశారా, ఆ వ్యాపారికి నాటకం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంకో ముచ్చట కూడా ఉంది. 1951లో దీన్ని సినిమా తీసినప్పుడు కొలంబియా కంపెనీవాళ్లు భయపడి, సేల్స్‌మన్ ఉద్యోగం ఎంత హాయైనదో చెప్పే ఒక చిన్న సినిమా తీసి దీనికి ముందు వేద్దామనుకున్నారు. మిల్లర్ కోర్టుకెక్కుతానంటే మానుకున్నారు. నాటకం నిజంగా తండ్రీ కొడుకుల గొడవే అయితే సినిమా కంపెనీకి అంత టెన్షన్ ఎందుకండీ?

మిల్లర్ దగ్గరి బంధువుల్లో మ్యానీ న్యూమన్ అని ఒక సేల్స్‌మన్ ఉండేవాడు, తన కొడుకుల్ని ఎప్పుడూ ఈ మిల్లర్‌తో పోటీ పెట్టి చూసుకునేవాడు. మిల్లర్ అంతకుముందు నాటకం బోస్టన్‌లో ఆడుతుంటే థియేటర్ బయట ఈయన ఎదురుపడ్డాడు. పలకరించలేదు, నాటకం ఎలా ఉందో చెప్పలేదు. మా బడ్డీ చాలా బాగా చేస్తున్నాడు అన్నాడు, అంతే. బడ్డీ అంటే ఆయన కొడుకు. ఎదుటివాడి విజయం కళ్లముందు నిలబడుంటే నోట్లోంచి ముందొచ్చే మాట మావాడూ తక్కువోడు కాదు అని. మన పెళ్లిళ్లలో భోజనాల బంతి దగ్గర రోజూ వినేదే, అమెరికాలో ఉన్నవాడు, ప్యాకేజీ వచ్చినవాడు, ఇంకా ఏదో ట్రై చేస్తున్నవాడు. ఇక్కడ మాత్రం మీ వ్యాసకర్తతో కలుస్తాను, ఇది మనకీ వాళ్లకీ ఒకటే.

ఇక కొడుకులు తండ్రిని వదిలేశారని వ్యాసంలో అన్న మాట. రెస్టారెంట్లో తండ్రిని బాత్రూములో వదిలేసి ఇద్దరు అమ్మాయిలతో వెళ్లిపోతారు, నిజమే. చిన్నకొడుకు హ్యాపీ, ఆయన మా నాన్న కాదు, ఎవరో ఒకాయన అంటాడు, దానికి క్షమాపణ లేదు. కానీ బిఫ్‌ని హ్యాపీతో కలిపి కట్టెయ్యడం అన్యాయం. బిఫ్ లెక్కల్లో తప్పింది నాలుగు మార్కులతో, 61 వచ్చాయి. వేసవి తరగతులకి వెళ్తే గట్టెక్కేవాడే, వెళ్లాలనీ అనుకున్నాడు. మాస్టారుతో మాట్లాడమని అడగడానికి తండ్రిని వెతుక్కుంటూ బోస్టన్ వెళ్లాడు. అక్కడ హోటల్ గదిలో తండ్రితో ఇంకో ఆడమనిషిని చూశాడు. ఆవిడ తనకిస్తానన్న కొత్త మేజోళ్లు అడిగి మరీ పట్టుకెళ్లింది. ఇంట్లో అమ్మ చిరిగిన మేజోళ్లు కుట్టుకుని తొడుక్కుంటుంది. ఊరికొచ్చి వర్జీనియా పేరున్న ఆ బూట్లు పొయ్యిలో వేసి తగలబెట్టాడు, మళ్లీ పుస్తకం ముట్టలేదు. అన్నేళ్ల తర్వాత బెర్నార్డ్ విల్లీని అడుగుతాడు, బోస్టన్‌లో ఏం జరిగింది అంకుల్ అని. ఆ ప్రశ్నకి విల్లీ అంత కోపంగా ఎగరడం చూస్తే చాలు, ఆయనకి మొదటినుంచీ తెలుసు.

లిండా గురించి వ్యాసకర్త సహనమూర్తి అని ఒక్క ముక్కలో తేల్చారు. అంత తేలిక కాదు. భర్త చనిపోవాలనుకుంటున్నాడని ఆవిడకి తెలుసు. అందుకోసం దాచిపెట్టుకున్న రబ్బరు గొట్టం ఆవిడకి దొరికింది. రోజూ కిందికి దిగి దాన్ని తీసేస్తుంది, ఆయన ఇంటికొచ్చే వేళకి మళ్లీ అక్కడే పెట్టేస్తుంది, తీసేసి ఆయన్ని ఎలా అవమానించను అంటుంది. ఈ మనిషిని పట్టించుకోవాలి అని కొడుకుల మీద విరుచుకుపడిందీ ఆవిడే, ఆ గొట్టం గురించి భర్తతో ఒక్క మాట అనలేనిదీ ఆవిడే. డెబ్భై డాలర్లకి చాలా బాగుంది అన్న నోరు కదా. ప్రేమే, కాదనను. కానీ ఆ ఇంటి అబద్ధంలో ఆవిడ వాటా కూడా ఉంది. మిల్లర్ ఎవర్నీ ఒడ్డున కూర్చోబెట్టలేదు.

మన పరిషత్తు నాటకాల్లో ఇలాంటి కథ పడితే చివర ఏం జరుగుతుందో మీకు తెలుసు. కొడుకు తండ్రి కాళ్ల మీద పడి ఏడుస్తాడు, తండ్రి లేవనెత్తుతాడు, తెర, చప్పట్లు. ఇందులోనూ కొడుకు ఏడుస్తాడు. నేను గొప్పవాణ్ణి కాదు నాన్నా, నువ్వూ కాదు, మనలాంటివాళ్లు డజన్లకొద్దీ దొరుకుతారు, ఆ దొంగ కల తీసి తగలబెట్టు అని పట్టుకుని ఏడుస్తాడు. విల్లీకి ఏం వినపడిందంటే, వీడికి నేనంటే ఇష్టం అని. అంతవరకు బాగానే ఉంది. కానీ మరుక్షణమే, ఈ కుర్రాడు చాలా గొప్పవాడవుతాడు, చేతిలో ఇరవై వేల ఇన్సూరెన్సు డబ్బుంటే ఇక వీణ్ణి ఎవడూ ఆపలేడు అనుకుని కారు తీసుకుని వెళ్లిపోతాడు. నిజం చెప్పిన ఆ ఒక్క రాత్రి కూడా ఆయన దాన్ని పొగడ్తగానే అర్థం చేసుకున్నాడు. ఇంతకన్నా భయంకరమైన ముగింపు నేనెక్కడా చూడలేదు. పైగా అంతకుముందు జరిగిన యాక్సిడెంట్ల మీద ఇన్సూరెన్సువాళ్లకి అప్పటికే అనుమానాలున్నాయని లిండా మొదటి అంకంలోనే చెప్పేసింది, ఆ డబ్బు వచ్చిందో లేదో నాటకం మనకి చెప్పదు.

పేరు గురించి కూడా ఒక మాట. సేల్స్‌మన్ చావు అంటే విల్లీ చావే అనుకుంటారు అందరూ. డేవ్ సింగిల్‌మన్ అని ఎనభై నాలుగేళ్ల ముసలాయన ఉండేవాడట, పచ్చ వెల్వెట్ చెప్పులు తొడుక్కుని హోటల్ గదిలోంచి ఫోన్ మీదే వ్యాపారం చేసేవాడట, బోస్టన్ వెళ్తూ రైల్లో పోయాడట, అంత్యక్రియలకి వందలమంది వచ్చారట. సేల్స్‌మన్ చావంటే అదీ అంటాడు విల్లీ, తను ఈ ఉద్యోగంలోకి వచ్చిందే ఆయన్ని చూసి. విల్లీ అంత్యక్రియలకి వచ్చింది ఇంట్లోవాళ్లు ముగ్గురు, చార్లీ, బెర్నార్డ్. న్యూ ఇంగ్లండ్ (అమెరికాలో ఈశాన్య రాష్ట్రాలు) అంతా తనకి స్నేహితులే అని జీవితాంతం చెప్పిన మనిషికి.

1983లో మిల్లర్ స్వయంగా బీజింగ్ వెళ్లి చైనా నటులతో ఈ నాటకం చేయించాడు, యింగ్ రువోచెంగ్ దాన్ని చైనీస్‌లోకి మార్చి తనే విల్లీ వేషం వేశాడు. అప్పటి చైనాలో ఊరూరా తిరిగే సేల్స్‌మన్ అనే ఉద్యోగమే లేదు, అయినా జనం చూశారు. కాబట్టి ఇది అమెరికావాళ్ల గొడవ, మన కుటుంబ వ్యవస్థ గట్టిది అని వ్యాసం చివర రాసిన రెండు వాక్యాలు వ్యాసకర్తగారు దయచేసి ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

వచ్చే ఆదివారం రెండో భాగం ఉందని అడుగున వేశారు. అందులో చార్లీకి కొంచెం చోటివ్వండి. నాటకంలో విల్లీకి వారం వారం డబ్బిచ్చింది ఆయనే, ఉద్యోగం ఇస్తానన్నదీ ఆయనే, విల్లీ పంతం కొద్దీ వద్దన్నాడు. చార్లీ తన కొడుకుని విల్లీలా ఆకాశానికి ఎత్తడు. ఆ బెర్నార్డ్ సుప్రీం కోర్టులో కేసు వాదించడానికి వెళ్తున్నాడని తెలిసి విల్లీ నోరు వెళ్లబెట్టి, వాడు నాతో ఆ మాటే చెప్పలేదే అంటే, చెప్పక్కర్లేదు, వాడు వాదించబోతున్నాడుగా అంటాడు చార్లీ. వ్యాసకర్తగారు తల్లిదండ్రులకి ఏదైనా చెప్పాలనుకుంటే ఆ సీను పూర్తిగా దించి వెయ్యమనండి, హోవార్డ్ సీను కూడా పక్కనే వెయ్యమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడికల్ రెప్,
గుంటూరు